ల్యాబ్ ఆంటీ థర్మామీటరు

పోయిన వారం చిక్కడపల్లిలో కారుకి ఆయిల్ మార్పిస్తూ మెకానిక్ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. పక్కన ఇంకో కారు బానెట్ ఎత్తి ఉంది. ట్రాఫిక్‌లో ఆగితే చాలు వేడెక్కిపోతోందని దాని యజమాని గోడు వెళ్లబోసుకుంటున్నాడు. మెకానిక్ బానెట్ లోపలికి ఒక చూపు చూసి తేల్చేశాడు.

"థర్మోస్టాట్ వాల్ పీకేద్దం సార్. అది చలి దేశాలకు. మన హైదరాబాద్ ఎండలకు అదెందుకు? పీకేసినంక కూడ జర వేడయితది, గంతే. పరేషాన్ గాకుండ్రి."

"జర అంటే ఎంత?"

ఆ మాట అన్నది నేనే. ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను అశోక్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో రెండు వందల మందికి గొంతు చించుకుని భూగోళశాస్త్రం చెప్తాను గానీ, బయటికొస్తే ఆటోవాడు తప్పుదారిలో తీసుకెళ్తున్నా నోరు మెదపని మనిషిని. అలాంటివాణ్ని, పరాయివాళ్ల కారు దగ్గరికెళ్లి, "పీకి పారెయ్యొద్దు, విప్పి నాకివ్వండి, మరగబెట్టి చూద్దాం" అన్నాను.

"మరగబెట్టుడేంది సార్, అదేమన్న కోడిగుడ్డా?" అని మెకానిక్ పగలబడి నవ్వాడు.

నవ్వితే నవ్వాడు. ఆ కారాయన్ని, ఆ వాల్‌ని మా ఇంటికి తీసుకెళ్లాను. వాల్ మూతిలో దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నె నీళ్లలోకి వేలాడదీశాను. వాల్ బాగుంటే తగినంత వేడి తగలగానే మూతి తెరుచుకుని, దారం జారి, వాల్ గిన్నెలో పడాలి. నీళ్లు తెర్లి తెర్లి ఆవిరైపోతున్నా అది పడలేదు. ఆయన మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, కొత్త వాల్ వేయించుకున్నాడు. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసి బండి చల్లగా ఉందని చెప్పాడు.

ఆ గిన్నెలో నేను పెట్టిన పొడవాటి గాజు థర్మామీటరు నాది కాదు. "జర అంటే ఎంత" అన్న మాటా నాది కాదు. రెండూ ఆమెవి.

ఆమె పేరు రాయను. రాస్తే "నా పేరుతోని నీకేం పని, పని గురించి రాయి" అని కసురుతుంది. గల్లీలో అందరూ ల్యాబ్ ఆంటీ అనేవాళ్లు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో, కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా ముప్పై ఏళ్ల పైచిలుకు పనిచేసి రిటైరైంది. లెక్చరరు కాదు, అటెండరే. ఆ సంగతి ఎవరైనా దాచిపెట్టి "కాలేజీలో చేసేవారట కదా" అని మర్యాదగా అడిగితే ఊరుకునేది కాదు. "అటెండర్‌నే. మేడంలు చదివి చెప్తుండ్రి. నేను చేసి చూపిస్తుంటి" అనేది.

సన్నగా, పొట్టిగా, గంజి పెట్టిన నేత చీరలో ఉండేది. కళ్లజోడుకి దారం. పైట జారకుండా భుజం దగ్గర పిన్నీసు బదులు ల్యాబులో వాడే ఇనుప క్లిప్పు. అశోక్‌నగర్‌లో ఆమెదొక పాత ఇల్లు. కింద ఆమె ఒక్కతే ఉండేది, పై పోర్షన్‌లో మేం కిరాయికి ఉండేవాళ్లం.

దిగిన మొదటి వారంలోనే నాకు బుద్ధి చెప్పింది. డాబా మీద మర్నాటి పాఠం గట్టిగా వల్లె వేసుకుంటున్నాను. "నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది" అన్నానో లేదో, మెట్లెక్కి వచ్చేసింది. చేతిలో అట్ట గొట్టం, అందులో ఆ థర్మామీటరు.

"ఏ ఊర్ల?" అంది.

"ఎక్కడైనా అంతే కదా ఆంటీ."

"స్టవ్ ముట్టియ్యి."

ముట్టించాను. నీళ్లు బుడగలేశాయి, తెర్లాయి, గిన్నె మూత ఎగిరిపడింది. థర్మామీటరులో పాదరసం తొంభై ఎనిమిది దగ్గర కూర్చుంది. నేను మంట పెంచాను. నీళ్లు ఇంకా గోల చేశాయి గానీ పాదరసం కదల్లేదు.

"పుస్తకం రాసినోళ్లు సముద్రం పక్కపొంటి కూసోని రాసిన్రు. మనం సముద్రానికి ఎంత మీద ఉన్నం? నువ్వు భూగోళం సారువు, నువ్వే చెప్పు."

ఐదు వందల మీటర్ల పైనే. నాకు తెలుసు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందనీ తెలుసు, ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయనీ తెలుసు. ఇవన్నీ నా తలలో ఒకే ఇంట్లో కిరాయికున్నవాళ్లలా ఏళ్ల తరబడి ఉండి, ఒకరినొకరు పలకరించుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు క్లాసులో అశోక్‌నగర్ నీళ్లు తొంభై ఎనిమిది దగ్గరే మరుగుతాయని చెప్తే పిల్లలు బల్లలు చరిచారు. ఆ చప్పట్లు నావి కావని వాళ్లకి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మన ఊళ్లో జర అనే మాట లేకపోతే పూట గడవదు. జర ఆగు, జర జరుగు, జర సక్కెర ఎక్కువెయ్యి. ఆమె ఆ మాట మీద పగబట్టింది. చిక్కడపల్లి మార్కెట్‌లో బెండకాయలమ్మ "జర ఎక్కువనే ఏసిన అమ్మా" అంటే చాలు, "జర అంటే ఎంత?" అని కాయలు మళ్లీ తక్కెట్లో వేయించేది. ఎక్కువ వచ్చినవి తిరిగి ఇచ్చేసేది, అదీ విచిత్రం. తక్కువైతే ఊరుకోదు, ఎక్కువైనా ఉంచుకోదు. నారాయణగూడలో ఇరానీ హోటల్‌కి తీసుకెళ్తే చాయ్‌లో థర్మామీటరు ముంచేది. అక్కడ చాయ్ తెచ్చే పెద్దాయన "ఏం ఆంటీ, మా చాయ్‌కి జ్వరమొచ్చిందా?" అనేవాడు. "రాలేదు. గదే బాధ. యాభై ఆరుంది, వేడి చేసుకరా" అనేది. అతను నవ్వుకుంటూ తీసుకెళ్లేవాడు.

ఆమె పోయి మొన్నటి చలికాలానికి ఏడాది. ఆస్పత్రిలో నర్సు చెయ్యి పట్టుకుని చూసి "జర జ్వరముందమ్మా" అన్నదట. కళ్లు తెరవకుండానే "జర అంటే ఎంత?" అన్నదట. నర్సు కొలిచి, నూటొకటి అని చెప్తే, "ఆ, గట్ల చెప్పాలె" అని పక్కకి తిరిగి పడుకుందట. వాళ్ల అన్న కూతురు ఇది చెప్తూ ఏడ్చింది. నేను మాత్రం నవ్వాను. ఏడుపు తర్వాత, మెట్ల మీద, ఒక్కణ్నే ఉన్నప్పుడు వచ్చింది. ఇల్లు సర్దేటప్పుడు ఆ అమ్మాయి ఏదైనా గుర్తుగా తీసుకోమంటే అట్ట గొట్టం తీసుకున్నాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆమె పోవడం గురించి కాదు, గెలవడం గురించి.

మా నాయన పాలమూరు నుంచి బతుకుదెరువుకి వచ్చిన మేస్త్రీ. ఈ నగరంలో సగం నేనే కట్టిన అంటాడు. సగం కాకపోయినా, ముషీరాబాద్ నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దాకా ఏ గల్లీలోకెళ్లినా ఆయన వేలు పెట్టి చూపించే గోడ ఒకటుంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి. బస్సు మెట్లెక్కలేడు, ఆటోలో కాళ్లు ముడుచుకోలేడు. అందుకే నేను ఒక పాత కారు కొన్నాను. మా వంశంలో మొదటి కారు. ప్రతి ఆదివారం నాయన ముందు సీటులో ఒక దిండు వేసుకుని కూర్చునేవాడు. ఇద్దరం ఆయన కట్టిన గోడలు చూసుకుంటూ తిరిగేవాళ్లం. "ఈ స్లాబ్ ఏసిన్నాడు వానొచ్చింది," "ఈ మెట్లు నాయే, ఒక్కటన్న వంకర లేదు సూడు." వారమంతా మంచం మీద గోడకి తిరిగి పడుకునే మనిషి ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, చెప్పులు తుడుచుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆ కారు నాకెంత అవసరమో ఇంతకన్నా చెప్పలేను.

ఆ కారు మే నెలలో ఒక ఆదివారం నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఉడికిపోయింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. వెనక హారన్లు, తిట్లు. ఆ ఫ్లైఓవర్ కట్టేటప్పుడు నాయన కంకర మోశాడు. అదే ఫ్లైఓవర్ మీద ఎవరో స్కూటర్ మీద పోతూ "ముసలాయన్ను దించి నూకుండ్రి, బండి జల్ది పోతది" అన్నాడు. నాయన నిజంగానే దిగి, కారు వెనక రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. ఆయన్ని మళ్లీ లోపల కూర్చోబెట్టడానికి బతిమాలాల్సి వచ్చింది.

ఒక మెకానిక్‌కి చూపించాం. ఇంజన్ దించాలన్నాడు, దించినా గ్యారంటీ లేదన్నాడు, తుక్కు కింద అమ్మేయమన్నాడు. తుక్కు కొనేవాణ్ని కూడా అతనే మాట్లాడాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి పట్టుకుపోతానన్నాడు. నేను సరేనన్నాను. నాయన కారులోంచి దిండు తీసుకొచ్చి, ఉతికి, పిట్టగోడ మీద ఆరేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ ఆంటీ ఆ దిండు చూసింది.

"ఇది కార్లది గద?"

సంగతి చెప్పాను. తుక్కు అన్న మాట విని మొహం చిట్లించింది.

"వేడయితుందా? ఎంత?"

"చాలా ఆంటీ."

"చాలా అనేది నంబరా? తాళం తే."

ఆమెకీ ఒకప్పుడు కారుండేది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే బాగుచేసుకునేదని గల్లీలో చెప్పుకునేవాళ్లు. కళ్లకి శుక్లాలొచ్చాక అమ్మేసింది గానీ పానాల పెట్టె అమ్మలేదు. ఇంజన్ పని ఎలా తెలుసంటే, ల్యాబులో ఆవిరిని చల్లార్చే గాజు గొట్టం ఉంటుందట. దాని చుట్టూ చల్లనీళ్లు తిరుగుతూ ఉండాలట. "నీళ్లు తిరిగితే పని, ఆగితే పేలుడు. కారుకైనా గదే సూత్రం" అంది.

చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేయించి, రేడియేటర్‌కి వెళ్లే పై గొట్టం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. నాడి చూస్తున్నట్టే ఉంది. ఐదు నిమిషాలు అలాగే నిలబడింది.

"మంచి బండికి ఈ గొట్టం మొదట్ల చల్లగ ఉంటది. ఇంజన్ వేడెక్కినంక వాల్ తెరుచుకుంటది, అప్పుడు ఒక్కసారి చెయ్యి కాలుతది. దీనికి మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగుంది. వాల్ తన పని చేస్తలేదు. ఇంజన్ మంచిగనే ఉన్నది బిడ్డా, కావలి మనిషే లేడు."

ఇంజన్ చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మూత దగ్గర చెయ్యి పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టమంది. అంతసేపూ చెయ్యి తియ్యబుద్ధి కాకపోతే అప్పుడు మూత విప్పమంది. ఆమె కళ్లు ఆనవు, నా చేతులు రావు. రెండూ కలిపి ఒక మెకానిక్ అయ్యాం. కింద బకెట్ పెట్టి నీళ్లు దించాం. అందులో పాత కూలెంట్ మందేమైనా ఉంటే గల్లీలో పిల్లులు నాకి చస్తాయని దాని మీద పళ్లెం బోర్లించింది. వాల్ ఉండే డొప్పకి రెండు బోల్టులు. విప్పి లోపల వేలు పెట్టాను.

ఏమీ లేదు. వాల్ పాడవ్వడం కాదు, అసలు వాలే లేదు. గూడు చుట్టూ సున్నంలా తెల్లటి పొర పట్టి ఉంది. నాకు ముందు ఆ కారు నడిపినవాళ్లు ఎవరో, ఎండల ఊరికి ఇదెందుకని పీకించేసి, బోరు నీళ్లు పోసి నడిపించారు.

"వాల్ లేకుంటే ఇంకా చల్లగుండాలె కద ఆంటీ? అడ్డం లేదు కదా."

"నారాయణగూడ చౌరస్త కాడ పోలీసు లేకుంటే ట్రాఫిక్ జల్ది పోతదా?" అంది. "నీళ్లకు రెండు తొవ్వలు. ఒకటి రేడియేటర్ల చల్లబడి వచ్చే దూరం తొవ్వ. ఇంకోటి ఇంజన్ల నుంచి ఇంజన్లకే తిరిగొచ్చే దగ్గరి తొవ్వ. వేడెక్కంగనే ఈ వాల్ దగ్గరి తొవ్వ మూసి, దూరం తొవ్వ తెరుస్తది. అది లేకుంటే సగం నీళ్లు రాంగ్ రూట్లనే తిరుగుతయ్. పొద్దుగాల ఇంజన్ తొందరగ వేడెక్కది, పెట్రోల్ తాగుతది. ట్రాఫిక్ల ఆగితే చల్లబడది, ఉడుకుతది. రెండు దిక్కుల నష్టం."

ఆ సాయంత్రమే నారాయణగూడలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లాం. వెళ్లేటప్పుడు ఆమె చేతి సంచి బరువుగా ఉంది. దుకాణదారు వాల్ డబ్బా ఇచ్చాడు. దాని మీద ఎనభై రెండు డిగ్రీలని అచ్చేసి ఉంది. నేను జేబులో చెయ్యి పెట్టబోతుంటే ఆంటీ సంచిలోంచి కరెంటు కెటిల్, దారపు ఉండ, అట్ట గొట్టం తీసి కౌంటరు మీద పెట్టింది.

"ప్లగ్ ఎక్కడుంది?"

"అమ్మా, కొత్త పీసు. ప్యాకింగ్ కూడ విప్పలే. దాని మీద రాసుంది చూడుండ్రి."

"రాసిన దాన్ని నమ్మేటట్టుంటే రాయిని కూడ కొంటరు. ప్లగ్."

దారం ఇరికించి వాల్‌ని నీళ్లలోకి వేలాడదీసింది. థర్మామీటరు చదవడం నా పని. ఎనభై రెండు వచ్చింది, వాల్ పడలేదు. ఎనభై ఐదు, పడలేదు. తొంభై, తొంభై రెండు. దుకాణదారు మొహం కూడా వేడెక్కుతోంది. తొంభై నాలుగు దగ్గర టప్పున పడింది.

"ఇది లేటొస్తది. ఇంకోటి తియ్యి."

ఈపాటికి చుట్టూ నలుగురు చేరారు. ఒకాయన తన స్కూటర్ మీదే కూర్చుని తొంగి చూస్తున్నాడు. రెండో వాల్ డెబ్బై నాలుగుకే పడింది. "తొందరెక్కువ" అని పక్కన పెట్టింది. మూడోది వేలాడుతుంటే జనం నాతో కలిసి గట్టిగా లెక్క చదవడం మొదలుపెట్టారు. ఎనభై, ఎనభై ఒకటి, ఎనభై రెండు. టప్! ఎవరో ఈల వేశారు. స్కూటర్ మీదాయన దిగి వచ్చి మరీ చప్పట్లు కొట్టాడు. ఒకాయనైతే తాను అప్పుడే కొన్న వాల్ తీసి, "అమ్మా, నాది కూడ జర చూడుండ్రి" అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. నాకు తెలుసు ఏమంటుందో.

దుకాణదారు పాపం మంచివాడే. మిగతా రెండు డబ్బాలూ వెనక్కి పంపించేస్తానని పక్కన పెట్టి, చేతులు జోడించి, "అమ్మా, మీరు ఏ కంపెనీ నుంచొచ్చిన్రు?" అనడిగాడు.

"అశోక్‌నగర్" అంది ఆమె, కెటిల్ సంచిలో పెట్టుకుంటూ.

శనివారం పొద్దున, ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాం. గూటిలో పట్టిన సున్నం పాత టూత్‌బ్రష్‌తో, ప్లాస్టిక్ స్కేలు అంచుతో గీకాను. నేను చింతపండు తెచ్చాను, మా ఆవిడ రాగి చెంబులకి వాడుతుందని. ఆంటీ నా చేతి మీద ఒకటి వేసింది. అది అల్యూమినియం, పులుపు తినేస్తుందట. గంట గీకాక అద్దంలా అయిందని నేను తృప్తి పడ్డాను. ఆమె కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుని చూసింది, ఆనలేదు.

నాయన మెట్ల మీద కూర్చుని అంతసేపూ చూస్తున్నాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. వచ్చి, డొప్ప కూర్చునే అంచు మీద బొటనవేలితో మెల్లగా ఒక చుట్టు చుట్టాడు. జీవితమంతా గోడల మీద తిరిగిన వేలు అది. ఒకచోట ఆగింది.

"ఈడ జర లేసింది" అన్నాడు.

ఆంటీ రానే వచ్చింది. "జర అంటే ఎంత?"

నాయన తడుముకోలేదు. "గోరు మందంల సగం. దీని మీద మూత కూసోదు, నీళ్లు కారుతయ్."

ఆమె ఆయన చెప్పినచోట వేలు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాతో కాదు, గోడతో చెప్తున్నట్టు, "ఇన్నొద్దులు ఈ కొలత తెలిసిన మనిషి మా పైన్నే ఉన్నడు, నాకెవ్వలు చెప్పలే" అంది. నాయన మొహం చూడాలి అప్పుడు. ఆ మొహం నేను ఆదివారాలు తప్ప చూసి ఎరగను.

అక్కడ పట్టిన గట్టి పెచ్చు నాయనే గీకాడు. వాల్ మీద ఒక చిన్న చిల్లు ఉంటుంది, దాన్ని పైవైపుకి ఉంచి పెట్టమంది, గాలి పైనుంచే పోతుందట. కొత్త రబ్బరు రింగు వేసి, బోల్టులు అటొక చుట్టు ఇటొక చుట్టు బిగించాను. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోశాం. బోరు నీళ్ల బకెట్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేశాం. బుడబుడమని గాలి పోయింది. ముగ్గురం వంతులవారీగా పై గొట్టం మీద చేతులు వేసి నిలబడ్డాం. చల్లగా ఉంది. ఇంకా చల్లగానే ఉంది. నాకు భయమేసింది. ఒక్కసారిగా అది భగ్గుమని కాలింది, నాయన చెయ్యి వెనక్కి లాక్కుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. రేడియేటర్ మూతిలో ఉన్న థర్మామీటరు ఎనభై మూడు చూపిస్తోంది.

"అయిపోయింది కద ఆంటీ. తుక్కాయనకి ఫోన్ చేసి వద్దని చెప్తా."

"ఏమయింది? నీడకు నిలబెట్టిన బండి ఏ బండైన చల్లగుంటది. అప్పుడే చెప్పకు. రేపు చూద్దం."

ఆదివారం పొద్దున్నే వెళ్దామంటే ఒప్పుకోలేదు. ఆ రోజు నారాయణగూడ కాలేజీల్లో ఏదో ఉద్యోగ పరీక్ష ఉంది, పన్నెండున్నరకి వదులుతారు. "నలుగురు మనుషులు, ఏసీ, ఎండ, ట్రాఫిక్, ఎక్కుడు. ఇవన్నీ ఉంటేనే అది పరీక్ష" అంది. పన్నెండుంపావుకి బయల్దేరాం. నాయన దిండు చంకలో పెట్టుకుని వచ్చి ముందు సీటులో వేసుకున్నాడు. వెనక మా ఆవిడ, ఆంటీ. నీడలో నలభై రెండని ఆంటీ ప్రకటించింది.

ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి అంతా ఆగిపోయింది. పరీక్ష రాసినవాళ్లు, బస్సులు, ఆటోలు, బైకులు. కదలడానికి జానెడు చోటు లేదు. పోయిన వారం ఆగిపోయిన చోటికి మేము పది గజాల దూరంలో ఉన్నాం. నేను ముల్లు వైపు చూడలేక ముందున్న బస్సు వెనక అద్దం చూస్తున్నాను. నాయన మాత్రం ముల్లు మీది నుంచి కన్ను తీయలేదు. పదిహేను నిమిషాలు. ఇరవై. ఒక ఆటో వేడెక్కి పక్కకి తీశారు. మా బానెట్ కింద ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

సరిగ్గా ఒంటిగంటకు నా ఫోన్ మోగింది. తుక్కాయన. నా చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, నాయన ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టాడు.

"సార్, మీ ఇంటి ముంగట ఉన్న. బండేది?"

"ఫ్లైఓవర్ మీదున్నది" అన్నాడు నాయన.

అటు నుంచి నవ్వు. "మల్ల ఆగిపోయిందా పెద్దాయనా? నూకుతున్రా?"

"ఆగింది ట్రాఫిక్. బండి కాదు." నాయన వంగి, ఒక కన్ను మూసి, గోడ తూకం చూసినట్టు ముల్లు చూశాడు. "సగం కాడున్నది ముల్లు. సగానికి ఎంట్రుకంత తక్కువ. ఇంజన్ నడుస్తనే ఉన్నది. ఏసీ నడుస్తనే ఉన్నది. బండి అమ్మం, నువ్వు పో బిడ్డా."

ఫోన్ పెట్టేసి, దిండు సర్దుకుని, ఫ్లైఓవర్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ వెనక నుంచి ఆయన భుజం పట్టుకుంది. నా కళ్లు మసకబారాయి, చెమట అనుకుని తుడుచుకున్నాను. అద్దంలో చూస్తే ల్యాబ్ ఆంటీ కళ్లజోడు తీసి పైటతో తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది.

"బాగ ఉక్కపోస్తుంది వెనక" అంది. "ఏసీ జర పెంచు బిడ్డా."

నాయన మెడ వంకరగా తిప్పి, వీలైనంత వెనక్కి చూసి, నెమ్మదిగా అడిగాడు.

"జర అంటే ఎంతమ్మా?"

ఆమె నవ్వింది. అంత పెద్దగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు, మళ్లీ కూడా వినలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, రెండు వేళ్లు పైకెత్తి చూపించింది. ముందున్న బస్సు కదిలింది. నేను ఏసీ మీట రెండు గీతలు తిప్పి, మొదటి గేరులో ఫ్లైఓవర్ పైకెక్కించాను.